నీటి అడుగున ఊపిరి లెక్కలు

వికారాబాద్‌లో తాండూరు వైపు వెళ్లే రైలెక్కితే దారిలో వచ్చే చిన్న స్టేషన్ ధారూర్. ఓ పక్క కందిచేలు, ఇంకో పక్క అడవి, దగ్గర్లోనే కోట్‌పల్లి జలాశయం. సముద్రం చూడాలంటే మాత్రం తూర్పుకి వెళ్లినా పడమరకి వెళ్లినా వందల కిలోమీటర్లు ప్రయాణించాల్సిందే. అయినా సరే... కోట్‌పల్లిలో కయాక్ ఎక్కి తెడ్డేసిన కుర్రాడికి నీళ్ల పైన తేలడం ఎలా ఉంటుందో తెలిశాక, నీళ్ల కింద ఏముందో చూడాలనిపించడం సహజం. సెలవులకి విశాఖ వెళ్లినప్పుడు రుషికొండలోనో, గోవా వెళ్లినప్పుడు అక్కడో, డబ్బు కూడబెట్టుకుని అండమాన్‌లోనో ఓసారి స్కూబా చేసొస్తారు. కొందరి సరదా అక్కడితో తీరిపోతుంది. ఇంకొందరు అలా ఆగరు. నాలుగైదు రోజుల కోర్సు చేసి, పద్దెనిమిది మీటర్ల లోతు దాకా దిగొచ్చని సర్టిఫికెట్ కూడా తెచ్చుకుంటారు.

ఇంటి దగ్గర అసలు చర్చ అప్పుడే మొదలవుతుంది. 'సొంతంగా డైవ్ కంప్యూటర్ కొనుక్కోవాలి' అంటాడు కొడుకు. 'మొన్నేగా కంప్యూటర్ కొన్నాం, మళ్లీ ఏంట్రా?' అంటుంది తల్లి. 'చేతికి పెట్టుకునేదమ్మా, గడియారంలా ఉంటుంది' అని చెబితే, 'గడియారానికి అన్ని వేలా?' అని తండ్రి కళ్లజోడు సవరించుకుంటాడు. ముగ్గురి మాటల్లోనూ న్యాయముంది. ఇంతకీ ఆ గడియారం చేసే పనేంటి, దానికన్నా ముందు కొనాల్సినవి ఏమైనా ఉన్నాయా, ధారూర్ లాంటి చోట ఉండేవాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సిందేంటి... అవన్నీ తెలుసుకున్నాకే జేబులో చెయ్యి పెట్టడం మంచిది.

గజ ఈతగాడికి అక్కర్లేదుగా!

మన ఊళ్లలో గజ ఈతగాళ్లున్నారు. బావిలో బిందె పడినా, చెరువులో మనిషి మునిగినా ముందు వాళ్లకే కబురెళుతుంది. గుండెల నిండా గాలి పీల్చుకుని ఒక్క మునకలో అడుగుకెళ్లి వచ్చేస్తారు. వాళ్ల చేతికి ఏ కంప్యూటరూ ఉండదు. మరి స్కూబా చేసేవాళ్లకే ఎందుకు?

తేడా అంతా గాలిలోనే ఉంది. గజ ఈతగాడు ఒడ్డున పీల్చిన ఒక్క ఊపిరితో వెళ్లి, దాంతోనే తిరిగొస్తాడు. స్కూబా డైవరు వీపున సిలిండరు మోసుకెళ్లి నీళ్ల కింద కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటాడు. ప్రతి పది మీటర్ల లోతుకీ మన మీద నీళ్లు మోపే ఒత్తిడి ఒక 'బార్' పెరుగుతుంది. ఒడ్డున ఒకటి ఉంటే పది మీటర్ల దగ్గర రెండు, ఇరవై దగ్గర మూడు. రెగ్యులేటరు కూడా అదే ఒత్తిడితో గాలిని నోటికి అందిస్తుంది. లేకపోతే ఊపిరితిత్తులు విచ్చుకోలేవు. అంటే, ఇరవై మీటర్ల లోతున ఒక్కసారి పీల్చే ఊపిరిలో ఒడ్డున పీల్చేదానికి మూడింతల గాలి ఉంటుందన్నమాట.

గాలిలో అయిదింట నాలుగొంతులు నైట్రోజనే. ఒంటికి దాంతో పనిలేదు. ఒడ్డున ఎంత వస్తే అంతా పోతుంది. కానీ ఒత్తిడి పెరిగినప్పుడు అది రక్తంలోకీ, కండల్లోకీ, కొవ్వులోకీ కొద్దికొద్దిగా కరుగుతూ పోతుంది. సోడాకాయలో గ్యాసు కరిగి ఉన్నట్టే. గోళీ నొక్కి ఒక్కసారిగా తెరిస్తే సోడా బుసబుసా పొంగుతుంది. నెమ్మదిగా తెరిస్తే సద్దుమణిగి ఉంటుంది. డైవరు గబగబా పైకొచ్చేస్తే ఒంట్లో జరిగేదీ అదే. నైట్రోజన్ బుడగలు కడుతుంది. కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు, చర్మం మీద దద్దుర్లు, విపరీతమైన అలసట వస్తాయి. బుడగలు వెన్నుపాము జోలికెళితే కాళ్లు పడిపోయే ప్రమాదమూ ఉంది. ఈ జబ్బుకే 'బెండ్స్' అని పేరు.

మేకలు నేర్పిన పాఠం

ఈ జబ్బును మొదట బాగా చవిచూసింది డైవర్లు కూడా కాదు, వంతెనలు కట్టే కూలీలు. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన పునాదులకోసం నది అడుగున పెద్ద పెట్టెల్లాంటి గదుల్లోకి గాలిని నొక్కి పంపి, లోపల మనుషులతో పని చేయించారు. బయటికొచ్చాక చాలామంది నొప్పులతో మెలికలు తిరిగిపోయారు. ఆ వంతెన కట్టించిన ఇంజినీరు వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా 1872లో దీని బారినపడి మంచం పట్టాడు. 1883లో వంతెన తెరిచేదాకా ఆయన తరఫున భార్య ఎమిలీయే పని ప్రదేశానికి వెళ్లి ఇంజినీర్లతో వ్యవహారం నడిపింది.

ఎంత లోతున ఎంతసేపుంటే ఎంత నెమ్మదిగా పైకి రావాలో లెక్క కట్టింది బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్. నౌకాదళం అడిగిన మీదట ఆయన, సహచరులు కలిసి మేకల మీద ప్రయోగాలు చేసి 1908లో పట్టికలు ప్రచురించారు. ఒంట్లోని కణజాలమంతా ఒకే వేగంతో నైట్రోజన్ని పీల్చుకోదనీ, కొన్నింటికి నిమిషాలు చాలితే కొన్నింటికి గంట పైన పడుతుందనీ ఆయన గుర్తించాడు. అందుకే ఒంటిని అయిదు రకాల కణజాలాలుగా విడదీసి లెక్క వేశాడు. తరవాత స్విట్జర్లాండ్ డాక్టర్ ఆల్బర్ట్ బూల్మాన్ వాటిని పదహారు చేశాడు. ఈనాటి డైవ్ కంప్యూటర్లలో చాలావాటి లోపల నడిచేది ఆయన లెక్కే.

1980ల దాకా డైవర్లు పట్టికలు ముద్రించిన ప్లాస్టిక్ అట్ట, లోతు చూపే గేజి, నీళ్లలో పనిచేసే గడియారం... ఈ మూడూ పట్టుకుని దిగేవాళ్లు. 1983లో అమెరికాలో ఆర్కా కంపెనీ 'ఎడ్జ్' అనే పరికరాన్ని తెచ్చాక చేత్తో లెక్కలు వేసుకునే శ్రమ తగ్గింది. డైవ్ కంప్యూటర్ చేసే పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. కొద్ది క్షణాలకోసారి లోతు కొలుస్తుంది, కాలం కొలుస్తుంది, ఆ రెండింటినీ బట్టి ఒంట్లో ఎంత నైట్రోజన్ చేరి ఉంటుందో ఊహిస్తుంది. 'ఈ లోతులో ఇంకా ఇన్ని నిమిషాలు ఉండొచ్చు' అని చూపిస్తుంది. మరీ వేగంగా పైకి తేలుతుంటే కీచుమని అరుస్తుంది.

అది ఊహ అన్న సంగతి మాత్రం మరిచిపోకూడదు. పెట్టుకున్న మనిషి లావో సన్నమో, రాత్రి నిద్రపోయాడో లేదో, నీళ్లు తాగాడో లేదో దానికి తెలీదు. పాతికేళ్ల కుర్రాడి చేతికున్నా, యాభయ్యేళ్ల తండ్రి చేతికున్నా ఒకే లెక్క చెబుతుంది. అందుకే అది చూపే చివరి నిమిషం దాకా వాడుకోకుండా కొంత మిగుల్చుకుని పైకి రమ్మని శిక్షకులు చెబుతారు.

ముందు కొనాల్సింది ఏది?

'కంప్యూటర్ లేకుండా దిగకూడదు' అన్నది నిజమే. కానీ కొత్తగా నేర్చుకున్నవాళ్ల ప్రాణం ఎక్కువగా ఆధారపడేది దానికన్నా చవకైన మరో పరికరం మీద. అదే సిలిండర్లో ఎంత గాలి మిగిలిందో చూపే ప్రెషర్ గేజి. ఎందుకో ఓ చిన్న లెక్క వేసి చూద్దాం.

మన దేశంలో డైవింగ్ కేంద్రాలు ఎక్కువగా ఇచ్చేది పదకొండు లీటర్ల అల్యూమినియం సిలిండరు. దాన్ని 200 బార్‌ల దాకా నింపుతారు. అంటే అందులో ఉండేది రమారమి 2,200 లీటర్ల గాలి. చివరి 50 బార్‌లు అవసరానికి అట్టిపెట్టి పైకి రావాలన్నది నియమం. అది తీసేస్తే వాడుకోడానికి మిగిలేది 1,650 లీటర్లు. కొత్త డైవరు కంగారులో నిమిషానికి 20 లీటర్ల దాకా పీలుస్తాడనుకుందాం. ఒడ్డున అయితే అది గంటకు పైగా వస్తుంది. పద్దెనిమిది మీటర్ల లోతున ఒత్తిడి 2.8 బార్‌లు కాబట్టి నిమిషానికి 56 లీటర్లు ఖర్చు. అంటే అరగంట కూడా గట్టిగా రాదు.

మరి అదే లోతున నైట్రోజన్ లెక్క ప్రకారం ఎంతసేపుండొచ్చు? స్కూబా నేర్పే ప్యాడీ సంస్థ పట్టిక ప్రకారం, ఆ రోజు మొదటి డైవ్ అయితే 56 నిమిషాలు. అంటే నైట్రోజన్ గడువు ఇంకా సగం దాకా మిగిలి ఉండగానే కొత్త డైవరు సిలిండరు అడుగంటుతుంది. కంప్యూటర్ మీద 'ఇంకా పాతిక నిమిషాలుంది' అని కనబడుతుంటే ధీమాగా చేపల వెంట తిరిగేవాడు గేజి వైపు చూడకపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

రెండో డైవ్, మూడో డైవ్‌కొచ్చేసరికి కథ మారుతుంది. మొదటిసారి ఒంట్లో చేరిన నైట్రోజన్ పూర్తిగా పోకముందే మళ్లీ దిగుతాం కాబట్టి గడువు తగ్గిపోతూ వస్తుంది. అనుభవం పెరిగి ఊపిరి నిదానించాక గాలి ఎక్కువసేపు వస్తుంది. అప్పుడు కంప్యూటరే ముందు హెచ్చరిస్తుంది. కాబట్టి రెండూ కావాలి. గాలి లెక్క ఒకటి, నైట్రోజన్ లెక్క ఇంకొకటి. ఏది ముందు అయిపోతే దాని మాటే వినాలి.

గేజి కొనేటప్పుడు 'బార్' అంకెలున్నదే తీసుకోవాలి. అమెరికా సరుకు మీద పీఎస్‌ఐ అంకెలుంటాయి. నిండు సిలిండరుకి అక్కడ దాదాపు 3,000 అని చూపిస్తుంది. నేర్చుకున్నదొకటి, చేతిలో ఉన్నది ఇంకొకటి అయితే నీళ్ల కింద తికమకే. సిలిండరుకి తగిలించకముందు ముల్లు సున్నా మీదే ఉండాలి. తగిలించి వాల్వు తిప్పేటప్పుడు గేజి అద్దాన్ని ముఖం వైపు కాకుండా పక్కకి తిప్పి పట్టుకోవాలి. లోపం ఉంటే అద్దం పగిలేది ఆ క్షణంలోనే. తరవాత గేజినే చూస్తూ నాలుగైదు సార్లు ఊపిరి పీల్చాలి. ముల్లు ఊపిరికోసారి కిందికి ఊగి మళ్లీ పైకి లేస్తుంటే వాల్వు సరిగ్గా తెరుచుకోలేదన్నమాట.

గేజితోపాటు లోతు చూపే ముల్లు, దిక్సూచి ఒకే చట్రంలో బిగించి గొట్టం చివర వేలాడేలా కన్సోల్ అని అమ్ముతారు. చేతికి కంప్యూటర్ ఉంటే లోతు గేజి విడిగా అక్కర్లేదనే చాలామంది ఆలోచన. బ్యాటరీ అయిపోతే ఆదుకుంటుందని కొందరు పెట్టుకుంటారు. దిక్సూచి మాత్రం వాడటం వస్తేనే కొనాలి. ఊరికే వేలాడేదేదైనా నీళ్ల కింద అడ్డమే.

షోరూములో కాదు, చీకట్లో చూడాలి

ఇక కంప్యూటర్ సంగతి. సుంటో, మారెస్, క్రెస్సీ, షియర్‌వాటర్, గార్మిన్... కంపెనీలు చాలానే ఉన్నాయి. వేలల్లో దొరికేవీ ఉన్నాయి, లక్ష దాటేవీ ఉన్నాయి. సరదా డైవింగుకి సంబంధించినంత వరకూ అసలు పని, అంటే లోతు, కాలం, గడువు, పైకొచ్చే వేగం చూపడం అన్నిట్లోనూ ఉంటుంది. ఖరీదు పెరిగేకొద్దీ పెరిగేవి రంగుల తెర, ఫోన్‌కి కలిసే సౌకర్యం, రకరకాల గ్యాసులు వాడుకునే వీలు లాంటివి. పద్దెనిమిది మీటర్ల సర్టిఫికెట్ ఉన్నవాడికి వాటిలో సగం అక్కరకే రావు.

కాబట్టి ఖరీదు పక్కనపెట్టి ముందు చూడాల్సింది కంటికి ఆనుతుందా లేదా అని. దుకాణం దీపాల వెలుగులో ఏ తెరయినా మెరుస్తుంది. విశాఖ తీరంలో నీళ్లు కలకబారిన రోజున అరమీటరు దూరంలో ఉన్న చెయ్యి కూడా మసగ్గానే కనబడొచ్చు. అంకెలు పెద్దవిగా ఉన్నాయా, వెనక దీపం వెలిగే బొత్తాం తడుముకోకుండా దొరుకుతుందా అని చూసుకోవాలి. నలభై దాటి చత్వారం వచ్చినవాళ్లయితే మరీ ముఖ్యం. నీళ్లలో ముక్కు మీద కళ్లజోడు ఉండదుగా! ఓ సులువైన పరీక్ష ఉంది. గదిలో దీపం తీసేసి, చెయ్యి చాచి, తెర మీద లోతు ఎంత, దిగి ఎంతసేపయింది, ఇంకా ఎంతసేపుండొచ్చు అనే మూడూ మూడు క్షణాల్లో చెప్పగలగాలి. తడబడితే ఆ మోడల్ మనది కాదు. డెమో తెర చూపించే సౌకర్యం కొన్నింట్లో ఉంటుంది, లేకపోతే అద్దెకు తీసుకుని డైవ్‌లో చూసుకోవచ్చు.

బ్యాటరీ ఇంకో సంగతి. కొన్నింటికి మనమే నాణెంలాంటి బిళ్ల బ్యాటరీ మార్చుకోవచ్చు. కొన్నింటికి సర్వీసు కేంద్రానికి పంపాలి. కొన్ని ఫోన్‌లా చార్జింగ్ పెట్టుకునేవి. అండమాన్ దీవిలో దిగి సంచీ విప్పాక బ్యాటరీ పోయిందని తెలిస్తే, ఏ రకం కొన్నామన్నది అప్పుడు బాగా గుర్తొస్తుంది. విదేశాల నుంచి బంధువులతో తెప్పించుకుంటే చవకే కానీ, ఆ కంపెనీ వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోవాలి.

'నా చేతి గడియారం మీద 50 మీటర్లు అని రాసుంది, అది చాలదా?' అని అడిగేవాళ్లుంటారు. చాలదు. అది కదలని నీళ్లలో పెట్టే ఒత్తిడి పరీక్షకి సంబంధించిన అంకె. చేతులు కడుక్కోడానికీ, ఈదడానికీ పనికొస్తుందేమో గానీ, డైవింగుకి హామీ కాదు. పైగా దానికి నైట్రోజన్ లెక్క రాదు. 2022లో వచ్చిన యాపిల్ వాచ్ అల్ట్రా లాంటి కొన్ని మాత్రం తగిన యాప్ వేసుకుంటే 40 మీటర్ల దాకా డైవ్ కంప్యూటర్‌గా పనిచేస్తాయి. ఆ సంగతి కంపెనీ రాతపూర్వకంగా చెబితేనే నమ్మాలి.

సిలిండరులోని గాలి లెక్కను కూడా తీగ లేకుండా చేతి కంప్యూటర్‌కే పంపే ట్రాన్స్‌మిటర్లు వచ్చాయి. ఇక్కడ వికారాబాద్ వాళ్లకి ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. మామూలు రేడియో తరంగాలు నీళ్లలో కొద్ది దూరం కూడా పోలేవు. బాగా తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్నవే చొచ్చుకుపోతాయి. పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళం 2024 అక్టోబరులో శంకుస్థాపన చేయించిన రాడార్ స్టేషన్ అని అందరూ పిలిచే కేంద్రం ఉద్దేశం కూడా అదే. సముద్రం లోపలున్న జలాంతర్గాములకి అతి తక్కువ ఫ్రీక్వెన్సీతో సందేశాలు పంపడం. డైవర్ల ట్రాన్స్‌మిటర్లు పనిచేసేదీ తక్కువ ఫ్రీక్వెన్సీ మీదే, కాకపోతే అవి అందేది సిలిండరు నుంచి చేతి దాకా! సౌకర్యంగానే ఉంటుంది కానీ అప్పుడప్పుడూ సంకేతం తెగుతుంది. కొత్తవాళ్లు ముల్లు గేజిని వదిలించుకోకపోవడమే మంచిది.

అన్నింటికన్నా మంచి సలహా ఒకటుంది. కోర్సు అవగానే కొనేయకుండా మొదటి పది డైవ్‌లు అద్దె పరికరాలతో చేయాలి. మూడు నాలుగు మోడళ్లు చేతికి తగిలాక ఏది నప్పుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఏది కొన్నా, ఇంట్లో కూర్చుని మాన్యువల్ మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చదవాలి. ఎవరి కంప్యూటర్ వాళ్లదే. అన్నదమ్ములిద్దరూ ఒకటే కొనుక్కుని, పొద్దున ఒకరు మధ్యాహ్నం ఒకరు పెట్టుకుంటే దాని లెక్కంతా తప్పుతుంది. అన్న ఒంట్లోని నైట్రోజన్ని తమ్ముడి ఖాతాలో రాసుకుంటుంది. పక్కపక్కనే ఈదుతున్నాం కదా, వాడిది చూస్తే చాలులే అనుకోవడమూ పొరపాటే. రెండు మీటర్లు కిందున్నవాడి లెక్క వేరే.

ఇల్లు ఎత్తులో ఉంటే...

ఇప్పుడు ధారూర్ సంగతికొద్దాం. వికారాబాద్ సముద్రమట్టానికి సుమారు 630 మీటర్ల ఎత్తున ఉంది. తాండూరు వైపు పోయేకొద్దీ నేల దిగుతుంది. మధ్యలోది ధారూర్. ఈ ఎత్తుతో మనకి రోజూ పనేం పడదు. డైవరుకి మాత్రం పడుతుంది.

ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. డైవింగ్ చేసినవాడి ఒంట్లో నైట్రోజన్ ఇంకా మిగిలే ఉంటుంది. అలాంటప్పుడు ఎత్తు ఎక్కడమంటే, సద్దుమణిగిన సోడా మూతని ఇంకాస్త వదులు చేయడమే. విమానం ఎక్కకూడదని అందుకే అంటారు. డైవర్ల భద్రతకోసం పనిచేసే 'డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్' సూచనల ప్రకారం, ఒక్క డైవ్ చేసినవాళ్లు కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేసినవాళ్లు 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలి. పైకొచ్చే దారిలో తప్పనిసరిగా ఆగాల్సి వచ్చే లోతు డైవ్‌లు చేసినవాళ్లు ఇంకా ఎక్కువసేపు ఆగాలి. చాలా కంప్యూటర్లు డైవ్ అయ్యాక విమానం బొమ్మ వేసి ఈ గడువు చూపిస్తాయి.

విమానం సంగతి చాలామందికి తెలుసు. కొండ సంగతే గుర్తుండదు. ఆ సూచనలు వర్తించే ఎత్తు సుమారు 600 మీటర్ల దగ్గరే మొదలవుతుంది. విశాఖ వెళ్లిన కుటుంబం వేసుకునే కార్యక్రమం ఎలా ఉంటుందో ఊహించండి. పొద్దున్నే రుషికొండలో స్కూబా, మధ్యాహ్నం భోంచేసి కారులో అరకు! అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు, దారిలో అనంతగిరి ఘాట్ ఇంకా పైకి ఎక్కుతుంది. వికారాబాద్ అనంతగిరి అలవాటైన కళ్లకి ఆ అనంతగిరి ముచ్చటగానే ఉంటుంది కానీ, పొద్దున డైవింగ్ చేసిన ఒంటికి అది సాయంత్రమే ఎక్కాల్సిన కొండ కాదు. పడమటి తీరానికి వెళ్లినవాళ్లకీ ఇదే చిక్కు. గోవాలోనో, మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి దీవిలోనో డైవింగ్ చేసి కారులో ఇంటికి బయల్దేరితే, కొద్ది గంటల్లోనే పడమటి కనుమలు ఎక్కాలి. బెళగావి ఎత్తు 750 మీటర్ల పైమాటే.

దీనికి విరుగుడు చాలా తేలిక. కార్యక్రమాన్ని తిరగేసుకోవడమే. అరకు ముందు, సముద్రం తరవాత. చివరి డైవ్‌కీ తిరుగు ప్రయాణానికీ మధ్య ఒక రోజు ఖాళీగా ఉంచుకోవడం. ఆ రోజు బీచిలో కూర్చుని ముంత కింద పప్పు తినొచ్చు, కైలాసగిరి సంగతి కూడా మర్నాడు చూసుకోవచ్చు. కంప్యూటరు మీద విమానం బొమ్మ పోయేదాకా ఇంటిదారి పట్టకూడదు.

ఎత్తు ఇంకో రకంగానూ లెక్కలోకొస్తుంది. సముద్రం దగ్గర కాకుండా ఎత్తయిన చోట ఉన్న జలాశయంలో డైవింగ్ చేస్తే, పైకి తేలాక ఉండే గాలి ఒత్తిడి తక్కువ. కాబట్టి గడువూ తగ్గుతుంది. 300 మీటర్లు దాటితే ఈ జాగ్రత్త అవసరమని శిక్షణలో చెబుతారు. బూల్మాన్ తన పరిశోధనలో స్విట్జర్లాండ్ కొండల్లోని సరస్సుల్లో దిగేవాళ్లని కూడా దృష్టిలో పెట్టుకున్నాడు. ఆయన లెక్కల్ని 1987లో దక్షిణ అమెరికాలో 3,800 మీటర్ల ఎత్తునున్న టిటికాకా సరస్సులో కూడా పరీక్షించారు. కొత్త కంప్యూటర్లలో చాలావరకు ఎత్తును వాటంతటవే పసిగడతాయి. సుంటో జూప్ నోవో లాంటి వాటిలో మాత్రం మనమే మార్చాలి. అందులో 300 మీటర్ల దాకా ఒక సెట్టింగు, 1,500 దాకా ఇంకొకటి ఉంటాయి. కోట్‌పల్లి స్కూబా నేర్పే చోటు కాదు, తెడ్డు పడవల చోటే. కానీ ఈ ప్రాంతపు డైవరు ఎప్పుడైనా ఏ ఎత్తు ప్రదేశంలో దిగినా ఆ సెట్టింగు చూసుకోకుండా దిగకూడదు. మంచినీళ్లు, ఉప్పునీళ్లు అనే సెట్టింగూ కొన్నింట్లో ఉంటుంది. అది తప్పుగా ఉంటే లోతు నూటికి మూడు పాళ్లు తేడాగా కనబడుతుందంతే. కంప్యూటరు ఒత్తిడిని బట్టే లెక్క కడుతుంది కాబట్టి నైట్రోజన్ లెక్కకి పెద్ద నష్టం లేదు.

ఓ హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తాండూరు చుట్టుపక్కల బండరాయి తీసి వదిలేసిన క్వారీ గుంతలు నీళ్లతో నిండి ఉంటాయి. చేతికి కంప్యూటరుంది, సర్టిఫికెట్ ఉంది కదా అని వాటిలో దిగాలనే ఆలోచన ఎంత మాత్రం పనికిరాదు. అడుగున ఏముందో తెలీదు, పైకి లాగేవాళ్లుండరు, పరికరం చూపే ఏ అంకే ఆ రెండింటికీ జవాబు చెప్పదు.

పెద్దలకో మాట

డైవింగుకెళ్లి తిరిగొచ్చిన పిల్లాడు ఆ రాత్రో మర్నాడో భుజం లాగేస్తోందనో, కాలు తిమ్మిరెక్కిందనో అంటే, సిలిండర్ మోసిన నొప్పిలే అని జండూబామ్ రాసి పడుకోబెట్టకూడదు. లక్షణాలు బయటపడటానికి కొన్ని గంటలు పడుతుంది, ఒక్కోసారి ఒక రోజు కూడా. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మన దగ్గర డాక్టర్లకి ఇలాంటి కేసులు అరుదు కాబట్టి 'నిన్న సముద్రంలో డైవింగ్ చేసొచ్చాడు' అనే మాట తప్పకుండా ముందే చెప్పాలి. దీనికి మొదటి చికిత్స స్వచ్ఛమైన ఆక్సిజన్. ఆ తరవాత అవసరమైతే ఒత్తిడి పెంచే ప్రత్యేక గదిలో ఉంచుతారు. కంప్యూటర్ కూడా వెంట తీసుకెళ్లాలి. ఎంత లోతు, ఎంతసేపు, ఎంత వేగంగా పైకొచ్చాడన్నది దాని లోపలే రాసుంటుంది. చూసే డాక్టరుకి అంతకు మించిన ఆధారం ఉండదు. 'కంప్యూటర్ ఏ హెచ్చరికా చూపలేదు కదా' అని తాత్సారం చేయడానికీ లేదు. నియమాలన్నీ పాటించినవాళ్లకీ అరుదుగా ఈ జబ్బు వస్తుంది.

ఇంట్లో చర్చ తెగాలంటే ఇలా చేయొచ్చు. మొదటి సంవత్సరం అద్దె పరికరాలతో సరిపెట్టుకోమనాలి. ఆ డబ్బు మరో రెండు డైవ్‌లకి పెట్టమనాలి. అప్పటికీ సరదా తగ్గకపోతే బార్ అంకెలున్న మంచి గేజి, పెద్ద అంకెలున్న మామూలు కంప్యూటర్ కొనివ్వాలి. వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, ఎండలో పెట్టకుండా నీడలో ఆరబెట్టమనాలి. కొనిచ్చే ముందు తల్లిదండ్రులు ఒక్క ప్రశ్న అడిగితే చాలు. 'గాలి 100 బార్‌లుంది, గడువు పది నిమిషాలే ఉంది, పక్కవాడు ఇంకా కిందికి పోదాం రమ్మంటున్నాడు. నువ్వేం చేస్తావు?' అని. వాడు క్షణం ఆలోచించకుండా 'పైకొచ్చేస్తాను' అంటే కొనివ్వచ్చు.